పోషించు మందు, మోసగించు మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితము

మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను ప్రభుత్వ పాఠశాలలలో పెద్దతరగతులు చదువుకొను పిల్లలకు వారమున కొకసారి ఒక నీలిరంగు మాత్ర నిచ్చు ఏర్పాటు కలదు. అది దేశమంతటికిని వర్తించునట్లు 2013లో ఆరంభమైన పథకము. మాత్రలో ఇనుముతోపాటు అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లముండును. పిల్లలు ముఖము చిట్లించి మ్రింగుదురు. ఉపాధ్యాయుడు పట్టికలో గుర్తు పెట్టుకొని పాఠములోనికి పోవును. ఆ అర మిల్లీగ్రాము వెనుక ఒక తెలుగువాని జీవితమున్నదని తరగతిలో చెప్పుట అరుదు. ఆ పదార్థమునందే ఒకచిన్న మార్పు చేయగా అది పసిపిల్లల రక్తక్యాన్సరును వెనుకకు నెట్టిన తొలి మందుగా మారినదని చెప్పుట మరింత అరుదు.

మందు లేని రోగమనగా నెట్టిదో మదనపల్లె ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పట్టణమునకు చేరువనున్న ఆరోగ్యవరమునకు, అక్కడ ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో క్షయ చికిత్సాలయము వెలసినది మొదలు, దూరదేశములనుండి రోగులు వచ్చుచుండిరి. ఆనాడు వైద్యులు వారి కీయగలిగినది ప్రధానముగ మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము, ఓరిమి. వారిలో కొందరు కోలుకొని యిండ్లకు పోయిరి. రక్తక్యాన్సరు సోకిన బిడ్డకు ఆ పాటి ఆశయు లేకుండెను. రోగమిదియని తేలిన పిమ్మట వైద్యుడు తల్లిదండ్రులకు చెప్పగలిగినది దినముల లెక్క మాత్రమే. ఆ లెక్కను తొలిసారి మార్చినవారిలో సుబ్బారావు ఒకడు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. సంసారము పెద్దది, రాబడి చిన్నది. బాల్యమున ఆయనకు చదువుపై కుదురు లేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనను తలంపుతో ఇల్లు విడిచి పారిపోయెనని చెప్పుదురు. తల్లి వెదకించి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. రాజమహేంద్రవరమున చదువు సాగలేదు. ఇంటిలో చావులు, లేమి, మనసు నిలువకపోవుట, ఇవన్నియు కలిసి ఆయనను రెండుమారులు మెట్రిక్యులేషనులో తప్పించినవి. మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడాయెను. పరీక్ష తప్పిన విద్యార్థులకు ఈ సంగతి చెప్పి ఊరడించుట ఉపాధ్యాయులలో వాడుక. అయితే ఆ కుర్రవాని యింటి పరిస్థితులనుకూడ చెప్పినగాని ఆ కథ పూర్తి కాదు.

పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివెను. ఒక దశలో సన్న్యసించి రామకృష్ణ మఠమున చేరవలెనని కోరెను. ఆ కోరిక తీరలేదు. సన్న్యాసమునకు బదులు వైద్యమునెంచుకొని మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించెను. చదువునకు మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సాయపడిరి. మూర్తిగారి కుమార్తె శేషగిరిని ఆయన వివాహమాడెను.

కళాశాలలో నుండగా స్వదేశీ ఉద్యమము ఆయనను ఆకర్షించెను. గాంధీగారి పిలుపు విని శస్త్రచికిత్స గదిలో ధరించు ఉడుపులనుకూడ ఖద్దరుతో కుట్టించుకొనెను. ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునికి ఇది కంటగింపాయెను. వ్రాతపరీక్షలు బాగుగనే వ్రాసినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము కొరకు చేసిన ప్రయత్నము ఫలింపలేదు. ఖద్దరు చొక్కాకు ఆయన చెల్లించిన మూల్యమిది. ఆనాటి ఆ అన్యాయము జరిగియుండకున్నచో ఆయన మద్రాసు రాజధానిలో ఏ జిల్లా ఆసుపత్రిలోనో గౌరవముగ ఉద్యోగము చేసి విశ్రాంతివేతనము పుచ్చుకొనియుండునేమో! ఇది ఊహ మాత్రమే.

ఈ కాలముననే ఆ యింట పెద్ద పిడుగు పడెను. ఆయన సోదరులు పురుషోత్తము, కృష్ణమూర్తి ఎనిమిది దినముల యెడముతో ఒకరి వెనుక నొకరు మరణించిరి. రోగము స్ప్రూ. ఇది ఉష్ణదేశములలో కనబడు జీర్ణకోశవ్యాధి. తిన్న ఆహారము ఒంటబట్టదు, విరేచనములాగవు, నాలుక పుండగును, రక్తము క్షీణించి రోగి ఎండిపోవును. మన ఆయుర్వేదమున చెప్పబడిన గ్రహణికి ఇది దగ్గరి లక్షణములు కలది. సుబ్బారావునుకూడ ఆ వ్యాధి పీడింపగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. వైద్యకళాశాలలో చదివిన విద్య తోబుట్టువుల విషయమున అక్కరకు రాలేదు. ఎందువలన రాలేదో తెలిసికొనవలెనను పట్టుదల ఆయన జీవితమునకు దారి చూపెను.

ఉద్యోగము దొరకని సుబ్బారావు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుటకు చేరెను. మూలికలలో గుణమున్నదని ఆయనకు నమ్మకము కుదిరెను. ఆ గుణము ఏ పదార్థమున నున్నదో వేరుచేసి చూడవలెనన్నచో రసాయనశాస్త్రము కావలెను. అందులకు తగిన ప్రయోగశాల కావలెను. మద్రాసునకు వచ్చిన యొక అమెరికను వైద్యుని పరిచయమువలన ఆ దేశమునకు పోవలెనను కోరిక బలపడెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారి సాయమును, మామగారి ధనమును కలిసి ఓడ ప్రయాణమునకు చాలినవి. 1920ల ఆరంభమున ఆయన బోస్టను చేరెను. చదువు ముగించుకొని కొలది సంవత్సరములలో తిరిగివత్తునని శేషగిరితో చెప్పి పోయినవాడు మరల రాలేదు. ఆయన పోయిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనేలేదు.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివి డిప్లొమా పొందెను. చేత ధనము లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరి, పగటివేళ చదువుకొనెను. ఈ పనిని గూర్చి ఆయన సిగ్గుపడినట్లు ఎక్కడను కానరాదు.

తరువాత సైరస్ ఫిస్కు అను జీవరసాయనాచార్యుని ప్రయోగశాలలో చేరెను. వారిరువురును 1925లో, రక్తమునందును మూత్రమునందును భాస్వరమెంత యున్నదో కొలుచుట కొక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. ద్రవమునకు మాలిబ్డేటు మున్నగువానిని చేర్చగా నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనిదైనచో భాస్వరమంత ఎక్కువ. ఫిస్కు–సుబ్బారావు పద్ధతియను పేరిట జీవరసాయనము చదువు విద్యార్థులు దీనిని నేటికిని నేర్చుకొనుచున్నారు. ఈ కొలతబద్ద చేతికి వచ్చిన పిమ్మట కండరములలో నింతవరకు ఎవరికిని పట్టుబడని పదార్థములు పట్టుబడినవి. 1927లో ఫాస్ఫోక్రియేటిన్, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా నేడు పదవతరగతి పిల్లలు సైతము ఏ.టి.పి. యని చెప్పునది. కండరము ముడుచుకొనుటకు కావలసిన శక్తి ఎక్కడనుండి వచ్చునను ప్రశ్నకు అంతవరకు నోబెల్ బహుమానమును పొందిన సమాధానమొకటి చెలామణిలో నుండెను. దానిని తిరిగి వ్రాయవలసివచ్చెను. ఏ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాను స్వతంత్రముగ కనుగొనెనని చెప్పుటయు న్యాయము.

1930లో ఆయనకు పిహెచ్.డి. పట్టము వచ్చెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము రాలేదు. పేరు చాటుకొనుట ఆయనకు చేతకాదు, చేతనైనను ఇష్టములేదు. కాలాంతరమున నోబెల్ బహుమానమునందిన జార్జి హిచ్చింగ్సు ఆనాడు ఆ ప్రయోగశాల నెరిగినవాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థములు ఫిస్కు ఈర్ష్యవలన వెలుగుచూడక, మరల ఇతరులు కనుగొనవలసివచ్చెనని ఆయన తరువాతికాలమున చెప్పెను. ఇది ఒకపక్షపు మాటయే కావచ్చును. ఒకటి మాత్రము నిశ్చయము: హార్వర్డులో పదునైదేండ్లకు పైగా పనిచేసి సుబ్బారావు అక్కడనుండి పెద్దపదవి లేకయే వెడలెను.

హార్వర్డులో నున్నప్పుడే ఆయన దృష్టి కాలేయముపై పడియుండెను. బోస్టను వైద్యులు 1926లో, పాండురోగమున ఒక దారుణమైన భేదమునకు కాలేయము తినిపించినచో రోగి కోలుకొనునని చూపిరి. కాలేయములో నేమున్నది? ఆ పదార్థమును వేరుచేయుటకు సుబ్బారావు ఏండ్లతరబడి శ్రమించెను. అందు ఆయనకు జయము కలుగలేదు. ఆ పదార్థము విటమిను బి12 అని 1948లో ఇతరులు తేల్చిరి. అయితే ఆ వెదకులాటలోనే రెండవదియొకటి కనబడుచుండెను. లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు పనివారి స్త్రీలను పరీక్షించి, గర్భవతులకు వచ్చు ఒకవిధమైన రక్తహీనత ఈస్టు రసముతో కుదురునని 1931లో వ్రాసెను. కాలేయమునందును, ఈస్టునందును, ఆకుకూరలందును ఉన్న ఆ వస్తువు ఏమి? 1941లో టెక్సాసులో కొందరు రసాయనికులు నాలుగు టన్నుల పాలకూరను పిండి పిప్పిచేసి దాని నించుక సంపాదించి, ఆకునుండి వచ్చినదగుటచే ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. నాలుగు టన్నుల ఆకునుండి చిటికెడైన రాని వస్తువుతో ఏ రోగి ఆకలి తీరును!

సుబ్బారావు 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను చిన్న ఊరిలోని లెడర్లే ప్రయోగశాలలలో చేరి, కొలదికాలమునకే పరిశోధనలన్నిటికిని అధిపతి యాయెను. అక్కడ ఆయనకు మనుష్యులు, పనిముట్లు, ధనము దొరికినవి. స్టోక్‌స్టాడు, హచింగ్సు, వాలరు మున్నగు రసాయనికులు ఆయనతో పనిచేసిరి. ఏ పాలు శుద్ధమైనదో తెలియుటకు వారు కోడిపిల్లలను, పెరుగులోని సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టమైన యొక బాక్టీరియాను పరీక్షకులుగ పెట్టుకొనిరి; ఫోలిక్ ఆమ్లము లేనిచో అవి పెరుగవు, ఉన్నచో పెరుగును. 1945లో దానిని ప్రయోగశాలలో కృత్రిమముగ తయారుచేసి ప్రకటించిరి. ప్రకటనపై పదునారుగురి పేర్లున్నవి. ఆ పనికి నాయకుడైన సుబ్బారావు పేరు వానిలో నొకటిగ నడుమ నెక్కడనో ఉన్నది.

కృత్రిమపు మందు రాగానే అమెరికను వైద్యుడు టామ్ స్పీసు దానిని రక్తహీనులపై ప్రయోగించి గుణము చూపెను. అంతటితో ఆగక, క్యూబా, పోర్టో రికో దీవులలోని స్ప్రూ రోగులపై ప్రయోగింపగా వారుకూడ తేరుకొనిరి. భీమవరపు ఇద్దరన్నదమ్ములను తీసికొనిపోయిన రోగమునకు మందు దొరికెను. అప్పటికి వారు పోయి రెండు దశాబ్దములు దాటెను.

ఇక కథ మలుపు తిరుగును. బోస్టనులోని బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడుండెను. రక్తక్యాన్సరుతో చచ్చిన పిల్లల శరీరములను పరీక్షించుట ఆయన నిత్యకృత్యము. లెడర్లేవారు పంపిన, ఫోలిక్ ఆమ్లమునకు చేరువైన పదార్థములను ఆయన కొందరు రోగులకిచ్చి చూచెను. రక్తక్యాన్సరు పిల్లలలో వ్యాధి తగ్గకపోగా వేగము పుంజుకొనినట్లు కానవచ్చెను. మందిచ్చినవానికి ఇంతకంటె భయంకరమైన ఫలితముండునా? ఆ భయమునుండియే యుక్తి పుట్టెను. పోషించిన పదార్థమువలన రోగకణము బలిసినచో, ఆ పదార్థము దొరకకుండ చేసిన అది మాడవలెను.

ఇక్కడ కొంచెము శాస్త్రము చెప్పవలెను. కణము రెండుగ చీలుటకు ముందు తనలోని జన్యుపదార్థమును, అనగా డి.ఎన్.ఏ.ను, పూర్తిగ మరియొక ప్రతి వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు కావలసిన అక్షరములలో నొకదానిని తయారుచేయుటకు ఫోలిక్ ఆమ్లము తప్పనిసరి. రక్తకణములు నిత్యము పుట్టుచుండును గనుక అది చాలనిచో మొదట రక్తమే క్షీణించును. రక్తక్యాన్సరు కణములు మితిమీరి పుట్టును గనుక వానికి దాని యాకలి మరింత ఎక్కువ. సుబ్బారావు బృందమువారు ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోటనున్న ఆక్సిజను భాగమును తీసి ఆ స్థానమున నత్రజని గల భాగమునుంచిరి. చూపునకు రెండును ఒకటే. కణములోని ఎంజైము మోసపోయి దీనిని పట్టుకొనును. పట్టుకొనిన పిమ్మట విడువలేదు, పని చేయనులేదు. తాళములో విరిగిన తాళపుచెవి వంటిది. దానికి అమినోప్టెరిన్ అని పేరుపెట్టిరి. మోసపోవునది ఏ ఎంజైమో తెలియుటకు మరి పదేండ్లు పట్టెను. మందు మాత్రము అంతకుముందే పనిచేసెను.

1947 డిసెంబరు చివర ఫార్బరు దానిని రెండేండ్ల బాలున కొకనికి ఇచ్చెను. ఆ బిడ్డ రక్తములోని రోగకణముల సంఖ్య దిగెను, ఉబ్బిన ప్లీహము అణగెను, నడువలేనివాడు నడిచెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసమున పదునారుగురు పిల్లలలో పదిమందికి గుణము కనబడినదని చెప్పెను. ఆ గుణము తాత్కాలికమని ఆయన దాచలేదు. నెలలు గడచునప్పటికి రోగము తిరిగి వచ్చెను. కొందరు వైద్యులు నమ్మలేదు; కొందరు చావబోవు బిడ్డలను హింసించుటయేల యనిరి. అయినను, రసాయనముచే ఈ రోగము ఒకసారి వెనుకకు నెట్టబడినదను సంగతిని చెరపుట ఎవరికిని సాధ్యము కాలేదు. అదే గుంపులో పుట్టిన మరియొక మందు, విషగుణమును అదుపున ఉంచుకొనుటకు వీలైనది, మెథోట్రెక్సేటు. కాలక్రమమున అమినోప్టెరిన్ స్థానమును అదియే ఆక్రమించెను.

ఇన్ని పనులు సాగుచుండగనే సుబ్బారావు అధిపతిత్వమున లెడర్లేలో మరి రెండు మందులు వెలువడినవి. బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాను 1947లో వచ్చెను. గోదావరి తీరమున పెరిగినవానికి ఆ రోగమును వర్ణించి చెప్పవలసిన పని లేదు. డెబ్బదియేండ్లు దాటిన డుగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ను కనుగొనెను; 1948లో లోకమునకు తెలియవచ్చిన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మొదటిది. వృద్ధుడైన డుగ్గరును పనిలోనికి తీసికొని స్వేచ్ఛ నిచ్చినవారిలో సుబ్బారావు ముఖ్యుడు. తనక్రింది వారు కనుగొన్నదానికి తన పేరు తగిలించుకొనుట ఆయన పద్ధతి కాదు. హార్వర్డులో తనకు జరిగినదానినుండి ఆయన నేర్చుకొన్నది ఇదియేనేమో.

1946లో అమెరికా చట్టము భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరచెను. ఆయన స్వీకరింపలేదు, ఇంటికిని తిరిగిరాలేదు. పని ముగియక రాలేకపోయెనో, వచ్చుటకు మొగము చెల్లలేదో, చెప్పుట కష్టము. శేషగిరి ఇచ్చట ఎదురుచూచుచునే యుండెను. ఆయన సుగుణములను వర్ణించు జీవితచరిత్రలు ఈ ఒక్కచోట తొందరగా దాటిపోవుచుండును.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. వయస్సు 53 సంవత్సరములు. ఫార్బరు వ్యాసము వెలువడి అప్పటికి రెండునెలలు మాత్రమే దాటెను.

తరువాత జరిగినవాని నాయన చూడలేదు. 1956లో అమెరికాలోని జాతీయ క్యాన్సరు సంస్థలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్‌జు అను వైద్యులు, గర్భాశయములో మాయనుండి పుట్టు ఒక క్యాన్సరునకు మెథోట్రెక్సేటు నిచ్చిరి. ఈ క్యాన్సరు గర్భిణులలో పుట్టు హార్మోనునే తానును పుట్టించును. మూత్రములో ఆ హార్మోనెంత యున్నదో కొలిచినచో శరీరమున క్యాన్సరెంత మిగిలినదో తెలియును. కంటికి గడ్డలు మాయమైన పిమ్మటకూడ హార్మోను పూర్తిగ పోవువరకు లీ మందు కొనసాగించెను. అనవసరముగ రోగులకు విషమిచ్చుచున్నాడని ఆయనను ఉద్యోగమునుండి తొలగించిరి. కాలము గడచినకొలది తేలినదేమనగా, ఆయన పద్ధతిలో చికిత్స పొందినవారు రోగము తిరుగబెట్టక బ్రదికిరి. గడ్డకట్టిన క్యాన్సరు మందుతో మాత్రమే పూర్తిగ కుదిరిన తొలి ఉదాహరణలలో నది యొకటి. 1972లో లీకి లాస్కరు బహుమాన మొసగిరి.

క్యాన్సరు కణమును అంత తెలివితక్కువది కాదు. 1978లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రాబర్టు షిమ్కీయు, ఆయన సహచరులును, మెథోట్రెక్సేటునకు లొంగని కణములను విప్పిచూచిరి. మోసపోవు ఎంజైమును తయారుచేయు జన్యువునకు ఆ కణములు పెక్కు ప్రతులను ఎత్తుకొనియుండెను. విరిగిన తాళపుచెవులెన్ని వచ్చినను, అంతకంటె ఎక్కువ తాళములను తయారుచేసికొనుట! అందువలననే నేడు వైద్యులు ఒక్కమందుతో ఆగరు. నాలుగైదు మందులను కూర్చి రక్తక్యాన్సరు పిల్లలకు చికిత్స చేయుదురు. సౌకర్యములు గల దేశములలో ఇంచుమించు పదిమందిలో తొమ్మండుగురు బ్రదుకుచున్నారు. ఆ కూర్పులో మెథోట్రెక్సేటు ఇప్పటికిని ఉన్నది. కీళ్లవాతమునకును దానిని తక్కువ మోతాదులో వాడుచున్నారు.

1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో తపాలాబిళ్ల ముద్రించెను. అంతకు చాలముందే, 1953లో, ఒక అమెరికను శాస్త్రజ్ఞుడు కొత్తగ కనుగొన్న శిలీంధ్రమున కొకదానికి ఆయన పేరు కలిపి సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసెను. మురుగునీటిని శుద్ధిచేయు రాళ్లపై అది పెరుగును.